పోర్ట్స్‌మత్ 27వ ఛానల్: తొలి క్రైస్తవ టెలివిజన్ కేంద్రాన్ని దాని సొంతదారులే ఎందుకు అమ్ముకున్నారు?

ప్రసారచరిత్ర:
అమెరికాలోని క్రైస్తవ టెలివిజన్ గురించి తెలుగులో వచ్చిన వ్యాసాలు చదివిన ప్రతిసారీ నాకు ఒకే అసంతృప్తి మిగులుతోంది. అవి టెలివిజన్ బోధకుడు ప్యాట్ రాబర్ట్‌సన్ మంచివాడా, చెడ్డవాడా అన్న తగవుతో మొదలై, 1988లో ఆయన రిపబ్లికన్ పార్టీ తరఫున అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడిన కథతో ముగిసిపోతాయి. ఆయన నడిపిన ప్రసార కేంద్రం మాత్రం వాటిలో ఎక్కడా కనిపించదు. వర్జీనియా రాష్ట్రంలోని పోర్ట్స్‌మత్‌లో 1961 అక్టోబరు 1న 27వ ఛానల్ మీద ప్రసారాలు మొదలుపెట్టిన డబ్ల్యువైఏహెచ్‌ను, క్రైస్తవ కార్యక్రమాల కోసమే అమెరికాలో నెలకొల్పిన తొలి టెలివిజన్ కేంద్రంగా చెబుతారు. చుట్టుపక్కల ఊళ్ల ప్రజల కానుకలతో నిలదొక్కుకున్న ఆ కేంద్రాన్ని, దాని యజమాని అయిన, రాబర్ట్‌సన్ స్థాపించిన క్రిస్టియన్ బ్రాడ్‌కాస్టింగ్ నెట్‌వర్క్ 1989లో తానే అమ్మివేసింది. కొన్నవారు వెంటనే దాని పేరును డబ్ల్యుజీఎన్‌టీగా మార్చి, దానిని మామూలు వినోదపు ఛానల్‌గా నడిపారు.

ఇంత కష్టపడి నిలబెట్టిన కేంద్రాన్ని ఎందుకు వదులుకున్నారు? అప్పులు తీర్చడానికా, ఆశయం మారినందుకా, లేక ఆ కేంద్రంతో అవసరమే తీరిపోయిందా? రాబర్ట్‌సన్ రాజకీయాల మీద ఇప్పటికే చాలా చర్చలు నడిచాయి కాబట్టి ఇక్కడ కేంద్రం గురించే మాట్లాడుకుందామని నా మనవి.

పాతయాంటెన్నా:
ఎందుకు అమ్మారో తెలియాలంటే ముందు ఎలా కొనగలిగారో చూడాలి. మూతపడి ఉన్న ఆ కేంద్రాన్ని రాబర్ట్‌సన్ 37,000 డాలర్లకు కొన్నారు. టెలివిజన్ కేంద్రం అంత చవకగా దొరకడానికి కారణం అది యూహెచ్‌ఎఫ్, అంటే మరీ ఎక్కువ పౌనఃపున్యాల మీద నడిచే కేంద్రం కావడమే. అమెరికా సమాచార ప్రసారాల కమిషన్ 1952లో 14 నుంచి 83 వరకు కొత్త ఛానళ్లను తెరిచింది, కానీ అప్పటికే ఇళ్లలో ఉన్న టీవీలలో అత్యధికం 2 నుంచి 13 వరకు ఉన్న వీహెచ్‌ఎఫ్ ఛానళ్లను మాత్రమే అందుకోగలిగేవి. యూహెచ్‌ఎఫ్ చూడాలంటే వేరే కన్వర్టరు కొనుక్కోవాలి, యాంటెన్నా కూడా వేరేది కావాలి. పైగా ఆ పౌనఃపున్యాల వద్ద సంకేతం కొండలు, భవనాలు అడ్డొస్తే త్వరగా బలహీనపడుతుంది కాబట్టి, వీహెచ్‌ఎఫ్ కేంద్రం చేరినంత దూరం చేరాలంటే ఎన్నో రెట్లు ఎక్కువ శక్తితో ప్రసారం చేయవలసి వస్తుంది, కరెంటు ఖర్చూ ఆ మేరకు పెరుగుతుంది. 1950లలో దేశమంతటా యూహెచ్‌ఎఫ్ కేంద్రాలు వరసగా మూతపడ్డాయి.

పోర్ట్స్‌మత్ ప్రాంతంలో పరిస్థితి ఇంకా కఠినం. 1961 నాటికి మూడు పెద్ద దేశవ్యాప్త నెట్‌వర్కులూ అక్కడ ఉన్నాయి: 3వ ఛానల్‌లో సీబీఎస్, 10వ ఛానల్‌లో ఎన్‌బీసీ, 13వ ఛానల్‌లో ఏబీసీ వచ్చేవి. 13వ ఛానల్‌లో ఉన్న డబ్ల్యువీఈసీ అంతకు ముందు 15వ ఛానల్‌లో, అంటే యూహెచ్‌ఎఫ్‌లోనే ఉండేది. అది 1959లో వీహెచ్‌ఎఫ్‌కు మారిపోవడంతో అక్కడి ప్రజలు కన్వర్టరు కొనుక్కోవడానికి ఉన్న పెద్ద కారణం కూడా పోయింది. వ్యాపారులు పారేసిన చోట రాబర్ట్‌సన్ కాలు పెట్టారు. అందుకే ఆయనకు అది అందుబాటు ధరకు దొరికింది.

లెక్కలమాస్టారు:
చవక అన్న మాటకు కొంచెం కొలత పెట్టుకుందాం. 1960 జనగణన ప్రకారం అమెరికాలో ఒక సాధారణ సొంత ఇంటి విలువ దాదాపు 11,900 డాలర్లు. అంటే 37,000 డాలర్లు మూడు ఇళ్ల ధర. పనిచేసే ప్రసార కేంద్రంగా చూస్తే అది చాలా తక్కువ, చేతిలో డబ్బులేని మనిషికి మాత్రం చాలా ఎక్కువ.

సుమతి_విశ్వాసి:
చేతిలో డబ్బులేని మనిషి అన్నది అక్షరాలా నిజం. 1959 నవంబరులో భార్యాబిడ్డలతో ఆ ప్రాంతానికి వచ్చేటప్పటికి తన దగ్గర 70 డాలర్లు ఉన్నాయని, సంస్థ పేరిట బ్యాంకు ఖాతాను 3 డాలర్లతో తెరిచానని ఆయనే చెప్పుకొన్నారు. సంస్థను 1960 జనవరిలో రిజిస్టరు చేశారు. దాదాపు ఇరవై ఒక్క నెలల తర్వాత గాని ప్రసారం మొదలు కాలేదు. ఆయన తండ్రి విల్లిస్ రాబర్ట్‌సన్ అప్పటికే వర్జీనియా నుంచి అమెరికా సెనేట్‌లో సభ్యుడు, ప్యాట్ స్వయంగా యేల్‌లో న్యాయశాస్త్రం చదివినవాడు. సుఖంగా బతికే దారి ఉండి కూడా ఈ పనిని ఎంచుకోవడంలో నాకు విశ్వాసం కనిపిస్తుంది. చట్టాలు, పౌనఃపున్యాలు అన్నీ నిజమే గాని, ఆ పిలుపు లేకపోతే ఆ తలుపు తట్టేవారే ఉండరు.

హేతుదృష్టి:
సెనేటరు కొడుకుకు లైసెన్సు దరఖాస్తు దగ్గర కలిగే ధైర్యం, సామాన్యుడికి కలిగే ధైర్యం ఒకటి కావు. ఆయన తండ్రి సాయం చేశారని నేను అనడం లేదు, అలాంటి ఆధారం నా దగ్గర లేదు. 70 డాలర్ల కథను ఒంటరిగా చూడకూడదని మాత్రమే నా ఉద్దేశం.

ప్రసారచరిత్ర:
ఇద్దరి మాటలకూ చోటుంది. ఇక 1961 తర్వాత ఏం జరిగిందో చూద్దాం. తొలి రెండేళ్లు కేంద్రం సాయంత్రం పూట కొద్ది గంటలే నడిచేది, నెలనెలా డబ్బుకు కటకటగానే ఉండేది.

లెక్కలమాస్టారు:
1963 నాటి టెలిథాన్‌ను, అంటే విరాళాల కోసం గంటల తరబడి సాగిన ప్రసారాన్ని, నేను ఈ కథలో అసలైన మలుపుగా భావిస్తాను. నెల ఖర్చు 7,000 డాలర్లు. ఏడు వందల మంది నెలకు పది డాలర్ల చొప్పున ఇస్తే ఆ ఖర్చు సరిపోతుందని తెర మీదనే లెక్క చెప్పి అడిగారు. ఆ ఏడు వందల మందినే ‘700 క్లబ్’ అన్నారు, 1966లో వచ్చిన కార్యక్రమానికి కూడా ఆ పేరే పెట్టారు.

ఇందులో చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. అంతకు ముందు సువార్తికులు రేడియోలో కానుకలు అడిగేవారు, కానీ ఎంత వస్తుందో, ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. ఇక్కడ మాత్రం ప్రతి ఇంటికీ ఒక చిన్న నిర్ణీత మొత్తాన్ని నెలవారీ బాధ్యతగా అప్పగించారు. పాలవాడికి నెలనెలా ఇచ్చినట్టు ఇచ్చే డబ్బు అది. ఏడాదికి 84,000 డాలర్ల ఆదాయం ముందుగానే కనిపిస్తుంటే పరికరాలు వాయిదాల మీద కొనవచ్చు, ఉద్యోగులకు జీతం హామీ ఇవ్వవచ్చు, బ్యాంకు ముందు ధైర్యంగా కూర్చోవచ్చు. ప్రకటనదారు ఒక్కడు అలిగి వెళ్తే మామూలు ఛానల్ కంగారుపడుతుంది. ఏడు వందల మందిలో పదిమంది మానేసినా ఈ కేంద్రం ఆగదు.

గోదారిగాలి:
నెల ఖర్చు 9,000 డాలర్లయి ఉంటే ఈ రోజు ప్రపంచమంతా ‘900 క్లబ్’ చూస్తూ ఉండేదన్న మాట.

హేతుదృష్టి:
మాస్టారు గారి లెక్క బాగుంది, కానీ చట్టం పాత్ర అందులో రాలేదు. 1960కి ముందు పెద్ద నెట్‌వర్కులు మత కార్యక్రమాలకు ఉచితంగా సమయం ఇచ్చేవి, ఆ సమయం ఎక్కువగా ప్రధాన స్రవంతి ప్రొటెస్టంటు సంఘాలకు, కాథలిక్కులకు, యూదులకు దక్కేది. ప్రజా ప్రయోజనం కోసం ఏం చేశారని లైసెన్సు పునరుద్ధరణ సమయంలో కమిషన్ అడిగితే కేంద్రాలు ఆ ఉచిత సమయాన్ని చూపించేవి. 1960 జులైలో కమిషన్ తన విధానాన్ని మార్చింది. డబ్బు తీసుకొని ఇచ్చిన సమయాన్ని కూడా ప్రజా ప్రయోజనం కిందే లెక్కించుకోవచ్చని చెప్పింది. అమ్ముకోగలిగిన దాన్ని ఉచితంగా ఎవరిస్తారు? అమెరికా టీవీలోని మత కార్యక్రమాలలో డబ్బు కట్టి ప్రసారం చేసుకొన్నవి 1959లో 53 శాతం ఉండగా 1977 నాటికి 92 శాతానికి చేరాయి. డబ్బు అడగడం తెలిసిన సువార్తికులు పైకి వచ్చారు, అడగడం ఇష్టంలేని సంఘాలు తెర మీద నుంచి తప్పుకొన్నాయి. దీనిని విశ్వాస విజయం అనే ముందు నియమం ఎవరి వైపు ఒరిగిందో చూడాలి.

సుమతి_విశ్వాసి:
హేతుదృష్టి గారూ, మీరు చెప్పిన నియమం ఇతరుల కేంద్రాలలో సమయం కొనుక్కునేవారికి వర్తిస్తుంది. రెక్స్ హంబర్డ్, ఓరల్ రాబర్ట్స్ వంటి టెలివిజన్ బోధకుల విషయంలో మీ వాదన సరిగ్గా సరిపోతుంది. డబ్ల్యువైఏహెచ్ ఎవరి దగ్గరా సమయం కొనలేదు, ఎవరి దయ మీదా ఆధారపడకుండా తన కేంద్రాన్ని తానే నడిపింది. ఈ చర్చ మొదలైనదే ఆ తేడా గురించి.

హేతుదృష్టి:
ఆ తేడాను ఒప్పుకుంటాను. అయితే అదే ఛానల్ తన కార్యక్రమాలను తర్వాత ఇతర నగరాల కేంద్రాలకు డబ్బు కట్టి పంపగలిగింది అదే విధానం వల్ల కదా! పోర్ట్స్‌మత్‌లో దానికి అవసరం పడలేదు, పోర్ట్స్‌మత్ దాటగానే పడింది.

నార్ఫోక్‌తెలుగు:
నేను చాలాకాలంగా ఈ ప్రాంతంలోనే ఉంటున్నాను. మా వీధిలోని పెద్దవాళ్లను 27వ ఛానల్ గురించి అడిగితే ప్రసంగాల గురించి ఎవరూ మొదట చెప్పరు. బడి నుంచి వచ్చి చూసిన కార్టూన్లు, పాత కౌబాయ్ సినిమాలు, మళ్లీ మళ్లీ వేసిన హాస్య ధారావాహికలు గుర్తుచేసుకుంటారు. 1970లలో అది పగలంతా ఇలాంటి కుటుంబ వినోదం వేసి, సాయంత్రాలు, ఆదివారాలు మత కార్యక్రమాలకు కేటాయించేది. మూడు నెట్‌వర్కులూ కాకుండా ఇంకేదైనా చూడాలనుకునే పిల్లలకు చాలాకాలం అదే పెద్ద దిక్కు.

ఇంకొంచెం వయసు పైబడినవారికి జిమ్, టామీ బేకర్ దంపతుల బొమ్మలాట గుర్తుంది. 1960ల నడిమి కాలంలో ఆ యువ దంపతులు ఇక్కడ చేరి, పిల్లల కోసం బొమ్మలను ఆడిస్తూ బైబిలు కథలు చెప్పేవారు. మా పక్కింటి పెద్దమ్మ, తన తండ్రి కన్వర్టరు పెట్టె కొన్నది ఆ బొమ్మల కోసమేనని ఇప్పటికీ చెబుతుంది. వాళ్ల ఇంట్లో ఎవరూ గుడికి క్రమంగా వెళ్లేవారు కారు. అయినా నెలకు పది డాలర్లు కొన్నేళ్లపాటు పంపారు.

పాతయాంటెన్నా:
ఆ పెట్టెల అవసరం ఎలా పోయిందో చెప్పాలి. 1962లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం 1964 ఏప్రిల్ 30 తర్వాత తయారైన ప్రతి టీవీ సెట్టూ యూహెచ్‌ఎఫ్ ఛానళ్లను అందుకోగలగాలి. అంటే 27వ ఛానల్ ఒక్క మైలు కూడా కదలకుండానే, పాత సెట్లు పోయి కొత్తవి వచ్చేకొద్దీ దాని ప్రేక్షకులు ఏటా పెరుగుతూ వచ్చారు. 1961లో మొదలుపెట్టినవాడికి ఇంతకంటే మంచి కాలం దొరకదు. మరో ఐదేళ్లు ముందు మొదలుపెట్టి ఉంటే అదే మనిషి, అదే విశ్వాసంతో, దివాలా తీసి ఉండేవాడని నా నమ్మకం.

సుమతి_విశ్వాసి:
కాలం కూడా ఎవరి చేతిలో ఉందో ఆలోచించండి, యాంటెన్నా గారూ.

రాత్రిఫోన్లు:
ఒక చిన్న క్రైస్తవ ఛానల్‌లో రాత్రివేళ ఫోన్లు ఎత్తే పరిచర్య చేశాను, ఛానల్ పేరు చెప్పను. ఇక్కడ అందరూ డబ్బు, చట్టం, యాంటెన్నా గురించి మాట్లాడుతున్నారు గాని ఫోన్ల గురించి ఎవరూ అనలేదు. టెలిథాన్లలో కానుక ప్రకటించడానికి పెట్టిన ఫోన్లకు ప్రార్థన అవసరతలు రావడం మొదలైంది. అప్పటి నుంచి కార్యక్రమమే మారిపోయింది. పాస్టరు ప్రసంగం ఇస్తూ ఉంటే ఇంట్లో కూర్చున్నవాడు వినేవాడు మాత్రమే. తన బిడ్డ జబ్బు గురించి ఫోను చేసి చెప్పుకొన్న తల్లి పేరు తెర మీద వినిపించి, స్టూడియోలో అందరూ ప్రార్థించిన క్షణం నుంచి ఆమె ఆ సంఘంలో సభ్యురాలు. 700 క్లబ్‌లో సంభాషణ, సాక్ష్యాలు, ఫోన్లు, ప్రార్థన కలిసిన ఆ పద్ధతి 1960లలో ఆ చిన్న కేంద్రంలోనే కుదురుకుంది. ఆ తర్వాత వచ్చిన ఎన్నో క్రైస్తవ ఛానళ్లు అదే నమూనాలో నడిచాయి.

నేను పనిచేసిన చోట మాకు ఇచ్చిన కాగితంలో మొదటి ప్రశ్న ప్రార్థన అవసరత ఏమిటని, చివరి ప్రశ్న కానుక ఎంత అని ఉండేది. రాత్రి రెండు గంటలకు ఫోను చేసేవారిలో చాలామందికి ఆ రెండూ అక్కర్లేదు. ఎవరో ఒకరు తమ మాట వినాలి, అంతే. వారిని చివరి ప్రశ్న దాకా తీసుకెళ్లడం నాకు చాలా కష్టంగా ఉండేది, కొన్ని రాత్రులు ఆ ప్రశ్న అడగకుండానే ఫోను పెట్టేసేవాడిని. కాబట్టి హేతుదృష్టి గారి అనుమానాన్ని నేను కొట్టిపారేయను. కానీ ఆ ఫోను అసలు లేకపోతే ఆ మనుషులు ఎవరికి చెప్పుకొనేవారు?

హేతుదృష్టి:
మీ మాటకు విలువ ఇస్తాను. నా అభ్యంతరం ఫోను ఎత్తినవారి మీద కాదు, ఆ కాగితం తయారుచేసినవారి మీద.

ప్రసారచరిత్ర:
నా అసలు ప్రశ్నకు దగ్గరపడుతున్నాం. 1970లలో సంస్థ ఇతర నగరాలలో కూడా కేంద్రాలు సంపాదించింది. 1971లో అట్లాంటాలో 46వ ఛానల్, 1973లో డల్లాస్‌లో ఒకటి, 1977లో బోస్టన్‌లో 25వ ఛానల్ వారి చేతికి వచ్చాయి. అన్నీ యూహెచ్‌ఎఫ్‌లే, అన్నిటిలోనూ పోర్ట్స్‌మత్ పద్ధతే: పగలు కుటుంబ వినోదం, మిగతా వేళల్లో పరిచర్య. అదే కాలంలో 1977 ఏప్రిల్ 29న వారు ఉపగ్రహం ద్వారా కేబుల్ వ్యవస్థలకు ప్రసారాలు పంపడం మొదలుపెట్టారు. చందా కట్టి చూసే హెచ్‌బీవో ఛానల్ 1975లో, మీడియా వ్యాపారి టెడ్ టర్నర్ అట్లాంటా కేంద్రం 1976 డిసెంబరులో ఉపగ్రహం ఎక్కాయి. ఆ వరసలో ఇంత తొందరగా చేరిన మత సంస్థ మరొకటి లేదు. 1979లో ప్రధాన కార్యాలయాన్ని పోర్ట్స్‌మత్ నుంచి వర్జీనియా బీచ్‌కు మార్చారు.

ఇప్పుడు అమ్మకాల వరస చూడండి. అట్లాంటా కేంద్రాన్ని 1984లో ట్రిబ్యూన్ కంపెనీకి, బోస్టన్ కేంద్రాన్ని 1986-87లో కొత్తగా పుడుతున్న ఫాక్స్ నెట్‌వర్క్ వారికి, చివరగా 1989లో పోర్ట్స్‌మత్ కేంద్రాన్ని అమ్మారు. ఇది ఒక్కసారి కలిగిన ఇబ్బంది వల్ల తీసుకున్న నిర్ణయంలా కనిపించదు. ఉపగ్రహం ఒక్కటే దేశమంతటికీ సరిపోతుంటే, ఒక్కో నగరంలో గోపురం, ట్రాన్స్‌మిటరు, సిబ్బంది, లైసెన్సు ఎందుకని ఎవరో లెక్క వేసి ఉండాలి.

నార్ఫోక్‌తెలుగు:
స్థానిక పోటీని కూడా కలుపుకోండి. 1979లో 33వ ఛానల్‌లో డబ్ల్యుటీవీజెడ్ వచ్చింది. కార్టూన్లు, పాత ధారావాహికల కోసం రెండు కేంద్రాలు పోటీపడితే వాటి ధర పెరుగుతుంది. 1986లో ఆ 33వ ఛానల్ ఫాక్స్‌తో చేరింది. 27వ ఛానల్‌కు ఏ నెట్‌వర్కూ లేదు, ఖరీదైన సమయంలో మత కార్యక్రమాలు వేయాలన్న నియమం మాత్రం ఉంది. ప్రకటనదారు ఎటు వెళ్తాడో చెప్పనక్కర్లేదు.

లెక్కలమాస్టారు:
డల్లాస్ సంగతి మరిచిపోకండి, ప్రసారచరిత్ర గారూ. 1989 తర్వాత కూడా ఆ కేంద్రం వారి చేతిలోనే ఉంది. ఉపగ్రహం వల్ల అన్నీ అనవసరమయ్యాయన్నది పూర్తి జవాబైతే దానిని కూడా అప్పుడే అమ్మి ఉండాలి. నా దృష్టిలో ప్రతి కేంద్రానికీ వేరే లెక్క ఉంది.

పైగా 1987ను పక్కన పెట్టలేం. ఆ మార్చిలో జిమ్ బేకర్ కుంభకోణంలో చిక్కుకొని, తన టెలివిజన్ సువార్త సంస్థ పీటీఎల్ నుంచి రాజీనామా చేయవలసి వచ్చింది, 1988 ఫిబ్రవరిలో మరో టెలివిజన్ బోధకుడు జిమ్మీ స్వాగర్ట్ లైంగిక వ్యవహారం బయటపడింది. బేకర్ 1972లోనే రాబర్ట్‌సన్ సంస్థను విడిచి వెళ్లినా, దాతలు ఆ తేడా చూడలేదు, టెలివిజన్ బోధకులందరినీ ఒకే గాటన కట్టారు. అదే సమయంలో రాబర్ట్‌సన్ ఎన్నికల కోసం కార్యక్రమానికి దూరమయ్యారు. కానుకలు పడిపోయాయి, ఉద్యోగులను తగ్గించారు. నెలవారీ కానుకల మీద కట్టిన వ్యవస్థకు ఉన్న బలహీనత అప్పుడు బయటపడింది. ఒక ప్రకటనదారు వెళ్తే తట్టుకోగలదు గాని, దాతలందరికీ ఒకేసారి నమ్మకం సడలితే తట్టుకోలేదు.

సుమతి_విశ్వాసి:
ఆ సంవత్సరాల గురించి చదవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. బొమ్మలాటతో పిల్లలకు దేవుని ప్రేమను చెప్పిన అదే బేకర్, 1989 అక్టోబరులో దాతలను మోసగించిన నేరానికి 45 ఏళ్ల శిక్ష విన్నాడు. శిక్ష తర్వాత తగ్గింది, 1994లో విడుదలయ్యాడు. కానీ పది డాలర్లు పంపిన ముసలివాళ్లకు జరిగిన గాయం ఏ కోర్టూ తీర్చలేదు. దీనిని విశ్వాసులమైన మనమే ముందుగా, గట్టిగా చెప్పాలి.

చట్టంచదివాను:
అమ్మకుండా ఉన్నవారి కథ కూడా చూస్తే 1989 నాటి నిర్ణయం బాగా అర్థమవుతుంది. దక్షిణ కరొలినాలోని గ్రీన్‌విల్‌లో 16వ ఛానల్ డబ్ల్యుజీజీఎస్ 1972లో మొదలైంది. ఇండియానాపొలిస్‌లో లెస్టర్ సమ్రాల్ అనే బోధకుడు అదే ఏడాది 40వ ఛానల్‌ను తీసుకున్నారు. షికాగోలో 38వ ఛానల్ 1976 మేలో, పిట్స్‌బర్గ్ దగ్గర డబ్ల్యుపీసీబీ 1979 ఈస్టర్ ఆదివారం నాడు ప్రసారాలు ప్రారంభించాయి. ఇవన్నీ ప్రాంతీయ క్రైస్తవ కేంద్రాలే, వీటి ప్రాణం కేబుల్ మీద ఆధారపడి ఉండేది. చుట్టుపక్కల కేంద్రాలన్నిటినీ కేబుల్ కంపెనీ తప్పకుండా చూపాలన్న నియమం 1960ల నుంచి ఉండేది. 1985లో వాషింగ్టన్ అప్పీలు కోర్టు ఆ నియమాన్ని కొట్టేసింది. కమిషన్ సవరించి మళ్లీ తెస్తే 1987లో దానినీ కొట్టేసింది. అంటే 1989లో ఒక యూహెచ్‌ఎఫ్ కేంద్రం యజమానికి తన ఛానల్‌ను ఊళ్లోని కేబుల్ కంపెనీ రేపు కూడా చూపుతుందన్న హామీ చట్టపరంగా లేదు.

ఆ హామీ 1992 అక్టోబరులో వచ్చిన కేబుల్ చట్టంతో తిరిగి వచ్చింది. అధ్యక్షుడు జార్జ్ బుష్ వీటో చేసినా కాంగ్రెస్ దానిని నెగ్గించుకుంది, ఆయన పదవీకాలంలో వీటోను తోసిపుచ్చిన సందర్భం అదొక్కటే. కేబుల్ కంపెనీలు సుప్రీంకోర్టుకు వెళ్తే 1997లో ఐదుగురు న్యాయమూర్తులు అనుకూలంగా, నలుగురు వ్యతిరేకంగా తీర్పు ఇవ్వడంతో చట్టం నిలిచింది. ఒక్క ఓటు అటు పడి ఉంటే చిన్న క్రైస్తవ కేంద్రాలలో ఎన్నో కేబుల్ జాబితాల నుంచి మాయమయ్యేవి. కాబట్టి అమ్మినవారిని ఆశయం తప్పారని అనే ముందు, చట్టం నీడ లేని ఆ నడిమి కాలంలోనే వారు అమ్మారని గుర్తుంచుకోవాలి.

హేతుదృష్టి:
ఇది చాలా విలువైన సమాచారం. నియమాలే కథ నడిపాయన్న నా మాటకు ఇంతకంటే బలం అక్కర్లేదు.

రాత్రిఫోన్లు:
నియమం దారి ఇచ్చింది, నడిచింది మనుషులు. చట్టం ఉన్న ప్రతి ఊళ్లోనూ ఇలాంటి కేంద్రం పుట్టలేదు కదా.

లెక్కలమాస్టారు:
ఉపగ్రహ ఛానల్ ఏమైందో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే పోర్ట్స్‌మత్‌ను వదులుకొని దేనిని ఉంచుకున్నారన్నది అక్కడే తేలుతుంది. కేబుల్ ఛానల్‌కు క్రమంగా ‘ఫ్యామిలీ ఛానల్’ అన్న పేరు స్థిరపడింది. వినోద కార్యక్రమాలతో అది ఎంత లాభాలు సంపాదించిందంటే, లాభాపేక్ష లేని సంస్థగా తమకున్న పన్ను మినహాయింపుకే ప్రమాదం వచ్చే స్థితి ఏర్పడింది. 1990లో దానిని వేరే వ్యాపార సంస్థగా విడదీశారు. 1997లో దాదాపు 190 కోట్ల డాలర్లకు రూపర్ట్ మర్డాక్ వర్గానికి అమ్మారు, 2001లో అది డిస్నీ చేతికి వెళ్లింది, 2016 నుంచి దాని పేరు ఫ్రీఫార్మ్. చేతులు ఎన్ని మారినా 700 క్లబ్‌ను ప్రసారం చేయాలన్న షరతు కూడా ఒప్పందంతో పాటే వెళ్లింది. పిల్లలకూ యువతకూ వినోదం వేసే, డిస్నీ యాజమాన్యంలోని ఆ ఛానల్‌లో ఈ కార్యక్రమం కనిపించడానికి కారణం ఇదే.

37,000 డాలర్ల కేంద్రంలో పుట్టిన పని అంత విలువకు చేరిందంటే, 1989లో స్థానిక కేంద్రాన్ని పట్టుకొని కూర్చోకపోవడం లెక్కల ప్రకారం సరైన నిర్ణయమే.

ప్రసారచరిత్ర:
లెక్క ప్రకారం సరైనదేనని ఇప్పుడు ఒప్పుకోక తప్పదు. ఉపగ్రహం, 33వ ఛానల్ పోటీ, పడిపోయిన కానుకలు, కేబుల్ హామీ లేకపోవడం, ఈ నాలుగూ ఒకే దశకంలో కలిసి వచ్చాయి. అయినా నాకు ఒక విషయం మింగుడుపడడం లేదు. 1963లో డబ్బు ఇచ్చిన ఏడు వందల మంది దేశవ్యాప్త నెట్‌వర్కు కోసం ఇవ్వలేదు. తమ ఊళ్లో, తమకు కనిపించే ఒక కేంద్రం ఆగిపోకూడదని ఇచ్చారు. స్టూడియోకు నడిచి వెళ్లగలిగినవారు, అక్కడి ఉద్యోగులను పేరుపెట్టి పిలిచేవారు వాళ్లు. ఉపగ్రహం వచ్చాక పోర్ట్స్‌మత్ ప్రేక్షకుడు మరో రాష్ట్రంలోని ప్రేక్షకుడితో సమానమైపోయాడు. గ్రీన్‌విల్, పిట్స్‌బర్గ్ కేంద్రాలు తమ ప్రాంతాన్ని వదలలేదు, అందుకే వాటి మీద నాకు ఎక్కువ గౌరవం.

నార్ఫోక్‌తెలుగు:
ఇక్కడివారు అంత బాధపడినట్టు నాకు అనిపించలేదు, ప్రసారచరిత్ర గారూ. అమ్మిన తర్వాత ఛానల్ 1995లో యూపీఎన్ నెట్‌వర్క్‌తో, 2006లో సీడబ్ల్యూ నెట్‌వర్క్‌తో చేరింది, జనం చూస్తూనే ఉన్నారు. ప్రధాన కార్యాలయం వర్జీనియా బీచ్‌లోనే ఉంది, 1977లో వారు స్థాపించిన విశ్వవిద్యాలయం రీజెంట్ పేరుతో దాని పక్కనే నడుస్తోంది. వందలమందికి ఉద్యోగాలు ఈ ప్రాంతంలోనే దొరికాయి. 2023 జూన్ 8న రాబర్ట్‌సన్ మరణించినదీ ఇక్కడే. ఊరిని వదిలేశారనడం న్యాయం కాదు.

ప్రసారచరిత్ర:
కార్యాలయం ఉండటం వేరు, ఆ ఊరి కోసం ప్రసారం చేయడం వేరు. మా ఇద్దరి అభిప్రాయాలు ఇక్కడ కలవవు.

సుమతి_విశ్వాసి:
నాకు మాత్రం ఉపగ్రహం వచ్చిన తర్వాతి మనిషి గుర్తుకొస్తాడు. ఏ క్రైస్తవ కేంద్రమూ లేని ఊళ్లో, మంచం దిగలేని స్థితిలో ఉండి, గుడికి వెళ్లలేని మనిషి. పోర్ట్స్‌మత్‌లోని ఏడు వందల మంది ఇచ్చిన పది డాలర్లు చివరికి అతని దాకా చేరాయంటే, ఇచ్చినవారిలో చాలామంది కాదనేవారు కారు.

రాత్రిఫోన్లు:
చేరింది సరే. అతను ఫోను చేస్తే ఎత్తినవారికి అతని ఊరు తెలుసా అన్నదే ప్రసారచరిత్ర గారి ప్రశ్న అనుకుంటాను. నేను ఫోన్లు ఎత్తిన రోజుల్లో, ఊరి పేరు చెప్పగానే నాకు తెలిసిన ఊరైతే సంభాషణ ఇంకో అరగంట సాగేది.